పూర్తిగా నా సొంతం

కదిరి డిపోలో కండక్టరు జయచంద్ర పేరెత్తితే డ్రైవర్లు ముందు నవ్వుతారు, ఆ తరువాత మెచ్చుకుంటారు. నవ్వెందుకంటే, బస్సు ఎక్కడ రెండు నిమిషాలు ఆగినా ఆయన దిగిపోయి ఏదో ఒక రాయికి ఫోటో తీస్తుంటాడు. మెప్పెందుకంటే, పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆయన మీద ఒక్క ఫిర్యాదు లేదు. టికెట్టు కొట్టాక ప్రయాణికుడు వచ్చి బతిమాలినా, బెదిరించినా ఆయన జవాబు ఒక్కటే. "కొట్టినాక వాపసు లేదప్పా. మిషన్లో ఎక్కిపోయింది." ఆ మాట ఎంత ఇష్టంగా చెప్తాడంటే, మిషను కనిపెట్టింది తనే అనుకోవాలి.

ఆయన మంచివాడు. ఆ సంగతి ఆయనకు కూడా బాగా తెలుసు, చిక్కంతా అక్కడే వచ్చింది.

ఫోటోలు తీసి ఊరికే దాచుకునే రకం కాదు. అన్నిటినీ జనకోశంలో పెట్టేవాడు. జనకోశం అంటే ఇంటర్నెట్టులో జనమే రాసుకునే సైటు. దానికి యజమాని లేడు, జీతగాళ్ళు లేరు. ఎవరి ఊరి సంగతి వాళ్ళు రాయవచ్చు, ఫోటో పెట్టవచ్చు, పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేసి పెట్టవచ్చు. పెట్టేముందు మాత్రం ఒక లైసెన్సుకు ఒప్పుకోవాలి. నేను పెట్టినదాన్ని ఎవరైనా, దేనికైనా, అమ్ముకోవడానికైనా సరే వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. నా పేరు మాత్రం వెయ్యాలి. ఒకసారి ఇచ్చిన ఈ అనుమతిని నేను వెనక్కి తీసుకోలేను. ఇదీ దాని సారాంశం. పేరు వెయ్యాలన్న ముక్క జయచంద్రకు చాలా నచ్చింది. డిపో రిజిస్టరులో తప్ప ఎక్కడా కనపడని పేరు కదా మరి!

తొమ్మిదేళ్ళలో మూడు వేలకు పైగా ఫోటోలు, నాలుగు వందల పన్నెండు గొంతులు పెట్టాడు. గొంతులంటే ఆయనకు ప్రాణం. గొర్రెలు కాసుకునే హనుమంతప్ప అనే ముసలాయన ఒకరోజు బస్సు పంక్చరైనప్పుడు గట్టు మీద కూర్చుని వానకు పదిహేడు పేర్లు చెప్పాడు. దుమ్ము అణిగే వానకో పేరు, నాగలి దిగే వానకో పేరు, మేఘం వచ్చి మనసు మార్చుకుని వెళ్ళిపోతే దానికీ ఓ పేరు. ఆయన చెప్పిన మరుసటి ఏడే పోయాడు. ఆ పదిహేడు పేర్లూ వరుసగా చెప్పగలిగే మనిషి ఆ చుట్టుపక్కల మరొకడు లేడు. జనకోశంలో ఆరు నిమిషాల గొంతు ఉంది, అంతే.

ఇంత పని చేసేవాణ్ణి సైటువాళ్ళు ఊరుకుంటారా? నిర్వాహకుణ్ణి చేశారు. మొత్తం నలుగురు నిర్వాహకులు. అందరిలోకి జయచంద్ర కఠినుడు. యాడికి ఊరి నుంచి వంశీకృష్ణ అనే కుర్రాడు తన తాత నాటకం వేషంలో ఉన్న పాత ఫోటోలు నలభై పెడితే, వాటిని ఎవరు తీశారో రుజువు లేదని అన్నీ తీసేశాడు. "మా జేజినాయన ఫోటో పెట్టేదానికి నేను ఎవుర్ని అడగాల సార్?" అని ఆ కుర్రాడు రాశాడు. ఫోటో దిగినవాడిది కాదు, తీసినవాడిది అని జయచంద్ర జవాబిచ్చాడు. కింద ఎప్పుడూ రాసే ముక్క రాశాడు, "ఆధారం లేదు. తొలగించడమైనది."

అంతటితో ఆగితే బాగుండు. ఇలాంటి బెడద మళ్ళీ రాకుండా కొత్త నిబంధన కూడా తనే రాసి, తక్కిన ముగ్గురి చేత ఒప్పించాడు. ఎవరైనా ఒక్క ఫైలు విషయంలో తనది కానిది తనదని రాసినట్టు తేలితే, వాళ్ళు పెట్టినవన్నీ తిరగదోడాలి, వాటిలో ఇతరులవై ఉండి సమ్మతి కాగితం లేని ప్రతిదీ తీసెయ్యాలి. ఆ రాత్రి ఎంతో తృప్తిగా నిద్రపోయాడట.

రెండేళ్ళ కిందట ఒక పొద్దున జరిగింది అసలు సంగతి.

జొన్నగుట్టపల్లికి రోజు మార్చి రోజు ఆయన బస్సు రాత్రి హాల్టు. ఉదయం ఆరూ పదికి మళ్ళీ కదిరికి బయలుదేరుతుంది. ఆ పొద్దున బయలుదేరలేదు. బస్సు ఆగేచోటికి ఆనుకుని మారెమ్మ ఇల్లు. ఆమె కూతురు నాగవేణి, పందొమ్మిదేళ్ళ పిల్ల, ముందురోజు టమాట కోతకు పోతూ కూలీల ఆటో బోల్తాపడి చనిపోయింది. శవం వాకిట్లో ఉంది. డ్రైవరు శ్రీరంగప్ప ఇంజను స్టార్టు చెయ్యకుండా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. బెంగుళూరులో పనికి పోయిన భర్త ఇంకా దారిలోనే ఉన్నాడు. మారెమ్మ కూతురి తల దగ్గర కూలబడి శోకం పెడుతోంది.

ఆ పక్క ఊళ్ళలో ఆడవాళ్ళు శవం మీద పడి ఏడ్చే ఏడ్పులో మాటలుంటాయి, రాగం ఉంటుంది. ఆ మాటలు చనిపోయినవాళ్ళకు చెప్పేవి. చుట్టూ ఉన్నవాళ్ళు వింటారు, కానీ విననట్టే. మర్నాడు ఎవరూ ఆ మాట ఎత్తరు, ఎత్తితే తప్పు. అందుకే బతికి ఉన్న ఏ మనిషికీ చెప్పుకోలేనిది కూడా ఆడది ఆ ఏడ్పులో చెప్పుకుంటుంది. మారెమ్మ కూడా చెప్పుకుంది.

"సద్ది కట్టిస్తినే నాగవేణీ, సద్ది యాడ తింటివే నా తల్లీ
కడుపులో తిప్పుతాదంటివే, గాలి తగుల్తాదంటినే
అంచున కూచో, అంచున కూచో, అంటినే నా బంగారూ
ఆ మాటన్న నాలిక నాదేనే, నాదేనే నాగవేణీ"

జయచంద్ర ఫుట్‌బోర్డు మీద నిలబడి ఉన్నాడు. ఫోను చేతిలోనే ఉంది. ఆయన తల్లి కూడా ఇలాగే ఏడ్చేది, ఊరంతా ఆమెను శోకానికి పిలిచేవాళ్ళు. ఆ గొంతు ఎక్కడా మిగల్లేదు. జనకోశంలో ఇలాంటిది ఒక్కటీ లేదు. ఈ రెండు ఆలోచనల్లో ఏది ముందు వచ్చిందో ఆయనే చెప్పలేడు. బొటనవేలు మాత్రం ఎర్ర చుక్కను నొక్కింది. మూడు నిమిషాల పద్నాలుగు సెకన్లు. ఆచారం తెలియక కాదు. ఆ ఊళ్ళలో పుట్టి పెరిగినవాడే.

సైటులో ఎక్కించేటప్పుడు ఫారం అడిగింది, ఇది ఎవరిది? రెండు గుండ్రాలు. ఒకటి "పూర్తిగా నా సొంతం." రెండోది "ఇతరులది." రెండోది నొక్కితే ఆ మనిషి సంతకంతో సమ్మతి కాగితం జతచెయ్యాలి. కూతురు పోయి మూడు రోజులు కాని తల్లి దగ్గరికి కాగితం పట్టుకుని వెళ్ళడానికి ఆయనకు మొహం చెల్లలేదు. ఫోటో తీసినవాడిది కదా, అలాగే రికార్డు చేసినవాడిది అనుకున్నాడు. మిగతా నాలుగు వందల గొంతులకూ అదే గుండ్రం నొక్కుతూ వచ్చాడు. ఒక్కసారి కూడా తన నిబంధన తనకు గుర్తురాలేదు. దీపం కింద నిలబడి అందరి నీడలూ కొలిచేవాడికి తన నీడ కాళ్ళ కిందే ఉంటుంది.

ఆ తరువాత రెండేళ్ళూ మారెమ్మ ఆయన బస్సులోనే ప్రయాణం చేసింది. కదిరి దగ్గర చెనిక్కాయల మిల్లులో ఆమెకు వేరుశనగ గింజలేరే పని. నాగవేణి పోయినప్పటి నుంచి ఆమె ఆటో ఎక్కలేదు. ఒకసారి బస్సు రాకపోతే పదకొండు కిలోమీటర్లు నడిచింది కానీ ఆటోలో కాలు పెట్టలేదు. ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సులో డబ్బుల్లేవు కాబట్టి జయచంద్ర ఆమెకు సున్నా టికెట్టు కొట్టి ఇచ్చేవాడు. ముందు సీటు ఎవరైనా ఆక్రమిస్తే లేపి కూర్చోబెట్టేవాడు. "నా కడుపున పుట్టినోడైనా ఇట్ల సూడడు" అని ఆమె నలుగురిలో అనేది. ఆయనకు అది బాగుండేది.

మొన్న మాఘమాసంలో, పెళ్ళిళ్ళ రోజుల్లో, జనకోశం నుంచి ఆయనకు ఒక కబురు వచ్చింది. మీ ఫైలును బయట ఒకచోట వాడారు అని. నొక్కి చూస్తే డీజే పాట. చిలమత్తూరు సుమంత్ అనే కుర్రాడు చేశాడు. నాలుగు లక్షల మంది విన్నారు. కింద నిబంధన ప్రకారం, అక్షరం పొల్లుపోకుండా, "మూల కృతి: జయచంద్ర, కదిరి. జనకోశం నుంచి, స్వేచ్ఛా లైసెన్సు కింద" అని ఇంగ్లీషులో వేసి ఉంది. నిజం చెప్పాలంటే, ముందు సంతోషపడ్డాడు. నాలుగు లక్షల మంది చూసే చోట తన పేరు! ఫోను తీసుకెళ్ళి వంటింట్లో ఉన్న భార్య కల్పనకు వినిపించాడు.

దడదడమని దెబ్బలు, వాటి మధ్యలో ఆడగొంతు. అంచున కూచో, అంచున కూచో. మళ్ళీ దెబ్బలు. అంచున కూచో.

కల్పన పిండి చేతులతో అలాగే నిలబడిపోయింది. "ఇది ఏడ్పు గదా?" అంది. "ఎవురో సచ్చిపోయినప్పుడు ఏడ్సింది. దీనికి నీ పేరెందుకుండాది?"

ఆయన పాట ఆపి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఆదివారం జొన్నగుట్టపల్లి పక్క ఊళ్ళో పెళ్ళి ఊరేగింపు. మారెమ్మ కూడా వెళ్ళింది. డీజే బండి మీద ఆ పాట పెట్టారు. కుర్రాళ్ళు చేతులెత్తి ఎగురుతున్నారు. తన గొంతు తనకే పెద్దగా వినపడేసరికి ఆమెకు ఏమీ అర్థం కాలేదట. నాగవేణి పేరు వచ్చాక రోడ్డు మీద కూలబడిపోయిందట.

మంగళవారం పొద్దున బస్సెక్కి తిన్నగా జయచంద్ర దగ్గరికే వచ్చింది. ఎవరి ఫోనో అడిగి తెచ్చుకుంది. అందులో ఆ పాట.

"నాయనా, నువ్వు సదువుకున్నోడివి. ఈ పాట ఎవురు పెట్టినారో సూడు సామీ," అంది. "ఇందులో రాసుండాదంట, ఇంగ్లీషులో. ఆ మాట నేను నా బిడ్డకు చెప్పుకున్న్యా. దాని సెవిలో చెప్పుకున్న్యా. అంచున కూచోబెట్టింది నేనని మా ఇంటాయనకు ఇన్నాళ్ళూ తెల్దు. బెంగుళూర్లో పనికాడ ఎవురో వినిపిచ్చినారంట. ఫోన్ జేసి ఒక్క మాట అడిగినాడు, 'నువ్వేనా?' అని. మళ్ళ ఫోను లేదు. తీసేయమను సామీ. ఎవురైనా సరే, కాళ్ళు పట్టుకుంటా."

జయచంద్ర ఫోను తీసుకున్నాడు. తన పేరు తనే చదువుకున్నాడు.

"ఇంగ్లీషు సన్నగా ఉండాది అక్కా. కనుక్కుంటా," అన్నాడు.

ఆమె పక్క సీట్లో డిగ్రీ చదివే గౌతమి కూర్చుంది. అదే ఊరి పిల్ల. "యాడ, నేను చదువుతా ఇయ్యి పెద్దమ్మా," అని ఫోను అందుకుంది. చదివింది. తలెత్తి జయచంద్ర చొక్కా జేబు మీది పేరు పలకను చూసింది. మళ్ళీ ఫోను చూసింది. బస్సు గుంతలో పడి లేచింది.

"నాకూ సరిగ్గా తెల్డం లేదు పెద్దమ్మా," అంది చివరికి.

కదిరిలో అందరూ దిగాక ఆ పిల్ల వెనక్కి వచ్చింది. "నేను చెప్పను సార్. మీరే చెప్పాల," అని దిగి వెళ్ళిపోయింది. అరిచి ఉంటే బాగుండుననిపించింది ఆయనకు.

ఆ మధ్యాహ్నమే సుమంత్‌కు ఫోను చేశాడు. ఆ కుర్రాడు పేరు వినగానే ఎగిరి గంతేశాడు.

"అన్నా, మీరేనా! ఏం గొంతన్నా అది! అందరూ అడుగుతాండారు, యాడ దొరికిందని. మీ పేరు చెప్తాండా."

"ఆ పాట తీసేయప్పా."

"ఏమన్నా, ఏం తప్పు జేసినా? మీ పేరు ఏసినా, లైసెన్సు ఏసినా, లింకు గూడ ఏసినా. మీరు రాసిండేదే కదా, ఎవురైనా దేనికైనా వాడుకోవచ్చని?"

"రాసినా. ఇప్పుడు వద్దంటాండా."

"అట్ల గాదన్నా. వెనక్కి తీసుకునేదానికి లేదని గూడ మీరే ఒప్పుకున్నారు. నా మాదిరి ఇంకో ఇరవై మంది వాడినారు దాన్ని. అందరికీ ఎట్ల చెప్తారు?" కుర్రాడి గొంతు కొంచెం తగ్గింది. "ఒకటన్నా. అది మీ సొంతం కాకుంటే చెప్పండి. మీది కాంది మీరు ఇచ్చినట్లయితే ఆ లైసెన్సే చెల్లదు. ఆ మాట జనకోశంలో రాయండి, నేను ఈ నిమిషమే తీసేస్తా. మిగిలినోళ్ళూ తీయాల్సిందే. మీ సొంతమే కదన్నా?"

జయచంద్ర ఫోను పెట్టేశాడు. కొట్టాక వాపసు లేదప్పా అని తన గొంతు తనకే వినిపించింది.

దొడ్డిదారి ఉందేమోనని వెతికాడు. మంచివాళ్ళు ఇరుక్కున్నప్పుడు ముందు వెతికేది అదే. నిర్వాహకుడు కదా, ఆ ఫైలును తనే గుట్టుగా తీసేశాడు. మర్నాటికల్లా కర్నూలు నుంచి అనుపమ అనే మరో నిర్వాహకురాలు దాన్ని మళ్ళీ పెట్టేసింది. "ఇరవై చోట్ల వాడుతున్న ఫైలు. కారణం రాయకుండా తొలగించరాదు. కారణం తెలుపగలరు," అని మర్యాదగా అడిగింది. ఆయన రాసిన నిబంధనలు ఆమెకు ఆయనకంటే బాగా వచ్చు.

కారణం రాయడానికి రెండు వాక్యాలు చాలు. ఆ గొంతు నాది కాదు. నేను ఆమెను అడగలేదు. రాస్తే మారెమ్మ పాట పోతుంది, నిజమే. దాంతో ఆగదు. నాలుగు వందల పన్నెండు గొంతుల్లో ఒక్కదానికీ కాగితం లేదు. హనుమంతప్ప దగ్గర్నుంచి కాగితం ఎవరు తెస్తారు ఇప్పుడు? రాయకపోతే, ఈ మాఘం అయ్యాక ఫాల్గుణం, ప్రతి ఊళ్ళో ప్రతి పెళ్ళికీ అంచున కూచో. ఇటు నుయ్యి, అటు గొయ్యి అంటారే, ఆయనకు నుయ్యీ గొయ్యీ రెండూ తనే తవ్వుకున్నవి.

ఎనిమిది రోజులు గడిపాడు. అందులో నాలుగు రోజులు డ్యూటీ. మొదటి మూడు పొద్దుల్లోనూ బస్సు కదలగానే ముందు సీట్లోంచి అదే ప్రశ్న.

"ఏమాయ సామీ?"

"కనుక్కుంటాండా అక్కా."

బస్సులో కండక్టరు ఎక్కడికి పోతాడు? వెనక డోరు దాకా పోయి మళ్ళీ ముందుకే రావాలి. మారెమ్మ చెయ్యి ముందు సీటు కమ్మీ మీద ఉండేది. గౌతమి కిటికీలోంచి బయటికి చూస్తుండేది, ఒక్కసారి కూడా ఆయన వైపు తిరగకుండా. జయచంద్ర టికెట్లు తప్పు కొట్టడం మొదలుపెట్టాడు. "ఏమైందప్పా నీకు? ఒళ్ళు బాగలేదా?" అని శ్రీరంగప్ప అడిగితే ఏదో ఒకటి చెప్పాడు. నాలుగో పొద్దున మారెమ్మ అడగలేదు. అడిగే ఓపిక పోయినట్టు తల కిటికీకి ఆనించి కళ్ళు మూసుకుంది. అది చూడలేకపోయాడు.

కదిరిలో దిగి, డిపో మెట్ల మీదే కూర్చుని ఫోనులో రాశాడు.

"ఈ ఫైలులోని గొంతు, మాటలు నావి కావు. ఆమెను నేను అడగలేదు. పూర్తిగా నా సొంతం అని నేను పెట్టిన గుర్తు అబద్ధం. నిబంధన ప్రకారం చర్య తీసుకోండి. జయచంద్ర."

పంపేశాక లేచి డిపోలోకి వెళ్ళి ఆ రోజు లెక్క అప్పగించాడు.

అనుపమ మొదటిసారి ఫోను చేసింది. తొమ్మిదేళ్ళుగా అక్షరాల్లోనే తెలిసిన మనిషి. "సార్, ఎంత బాధగా ఉందో చెప్పలేను," అంది. "కానీ ఒక్క ఫైలుతో పోదు, మీకు తెలుసు. ఆ రూలు రాసింది మీరే. ముప్పై రోజులు టైము ఇస్తున్నాం. ఎవరెవరి దగ్గర సంతకాలు తేగలరో తెండి. మీ నిర్వాహక హక్కులు మాత్రం ఈ రోజుకే తీసేయాలి సార్."

"తీసేయమ్మా," అన్నాడు.

సుమంత్ మాట నిలబెట్టుకున్నాడు. వారం తిరిగేలోపల డీజే పాట మాయమైంది. మిగిలిన ఇరవై చోట్లా ఒక్కొక్కటే పోయింది. జొన్నగుట్టపల్లి కుర్రాళ్ళు వెతికితే దొరకలేదు.

ఆ గురువారం మారెమ్మ బస్సెక్కుతూనే నవ్వింది. రెండేళ్ళలో ఆమె నవ్వడం జయచంద్ర చూడలేదు. కొంగులోంచి ఒక మూట తీసింది. ఉడకబెట్టిన చెనిక్కాయలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"తీసేసినారంట సామీ! పిల్లోళ్ళు చెప్పినారు. నీవల్లనే. తిను నాయనా, పొద్దున్నే ఉడకేసినా," అని ఆయన చేతిలో పెట్టింది.

పుచ్చుకుని ఊరుకుంటే సరిపోయేది. పాట పోయింది, పని అయిపోయింది. ఇంకెవరికీ ఏమీ తెలియనక్కర్లేదు. గౌతమి కిటికీ వైపే చూస్తోంది. కాయల వెచ్చదనం జయచంద్ర అరచేతికి తగులుతూనే ఉంది.

"అక్కా, పెట్టింది నేనే," అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. "ఏంది?"

"నీ బిడ్డ పోయిన పొద్దున ఈ ఫుట్‌బోర్డు మీదనే నిలబడి ఉన్న్యా. ఫోన్లో పట్టినా. నాదే అని రాసి పెట్టినా. ఆ పిల్లోడు యాడో దొంగిలించలేదు, నేనే ఇచ్చినా. ఆ రాసిండేది నా పేరే అక్కా."

మారెమ్మ ఆయన మొహంలోకి చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"నువ్వు విన్న్యావా? అంతా విన్న్యావా?"

"విన్న్యా."

"వినీ, రెండేండ్లు నాకు టికెట్టు కొట్టిస్తివా?"

ఆయన ఫోను తీశాడు. ఆ రికార్డు ఇంకా అందులోనే ఉంది. ఆమె ఎదురుగా దాన్ని చెరిపేశాడు. ఆమె ఫోను వైపు చూడనే లేదు. ఆయన చేతిలోని మూట తీసుకుని, తిరిగి కొంగున ముడి వేసుకుని, తరువాతి స్టేజీలో దిగిపోయింది. అక్కడ ఊరు లేదు, ఒట్టి మిట్ట. మిల్లుకు ఇంకా ఏడు కిలోమీటర్లు.

ముప్పై రోజులూ జయచంద్ర కాగితాలు పట్టుకుని తిరిగాడు. సంగతి అన్ని ఊళ్ళకూ పాకిపోయింది. కొందరు వేలిముద్ర వేశారు. చాలామంది వెయ్యలేదు. బయమ్మ అనే ఆవిడ, ఒకప్పుడు అడక్కుండానే పాడి వినిపించినావిడ, తలుపు దగ్గరే నిలబెట్టి అడిగింది. "దీనికి నేను ఏలు ఏస్తే నా గొంతు గూడ పెండ్లిలో ఎగిరేదానికి ఏస్తారా?" వెయ్యరని ఆయన చెప్పలేకపోయాడు. లైసెన్సు అలాంటిది. ఉన్నదున్నట్టు చదివి వినిపించాడు. తొమ్మిదేళ్ళలో దాన్ని ఒకరికి చదివి వినిపించడం అదే మొదలు. ఆవిడ తలుపేసుకుంది.

తొంభై ఆరు కాగితాలు వచ్చాయి. మిగిలినవి పోయాయి. హనుమంతప్పకు ఒక కొడుకున్నాడని, ఎటో వలస పోయాడని తెలిసింది. ఎక్కడ అన్నది ఎవరికీ తెలియదు. గడువు తీరిన రోజున అనుపమ ఆ పేజీలో రాసింది, "ఆధారం లేదు. తొలగించడమైనది." అవి ఆయన మాటలే. జయచంద్ర ఫోను పక్కన పెట్టి, పదిహేడు పేర్లూ గుర్తు తెచ్చుకోబోయాడు. తొమ్మిది వచ్చాయి. కల్పన పక్కన కూర్చుని ఆ తొమ్మిదీ ఒక చీటీ మీద రాసి పెట్టింది.

అది ఆయన పోగొట్టుకున్నది. దానికి ఏడవచ్చు, ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది వేరే ఉంది.

మారెమ్మ ఆయన బస్సు ఎక్కడం మానేసింది. వేరే కండక్టరు డ్యూటీ రోజున బస్సులోనే పోతుంది. జయచంద్ర వచ్చే రోజున మాత్రం స్టేజీలో నిలబడదు. మొదట్లో నడిచిపోయిందేమో అనుకున్నాడు. రూటు మార్చమని డిపోలో అడిగాడు. మూడు నెలలు ఆగాలన్నారు. ఆ తరువాతి డ్యూటీ రోజు పొద్దున, ఆరూ పదికి శ్రీరంగప్ప ఇంజను స్టార్టు చేస్తుండగా, వీధి చివర నుంచి కూలీల ఆటో ఒకటి వచ్చి బస్సు పక్కనే ఆగింది. లోపల అప్పటికే పదిమంది ఉన్నారు.

మారెమ్మ ఇంట్లోంచి సద్దిమూటతో బయటికి వచ్చింది. పచ్చ చీర కట్టుకుంది. బస్సు డోరులో జయచంద్ర నిలబడి ఉన్నాడు.

"అక్కా, బస్సెక్కక్కా. నేను నీ పక్కకే రాను. ఎనకే నిలబడతా. ఆటో వద్దక్కా," అన్నాడు.

ఆమె విననట్టే పోయింది. ఆటోలో చోటు అంచున మాత్రమే ఉంది. కూలీలు జరిగారు. ఆమె అక్కడే కూర్చుంది, ఒక కాలు బయట, ఒక చెయ్యి పైకమ్మీ మీద.

ఆటో కదిలింది. వెనకే బస్సు కదిలింది. ఊరు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. శ్రీరంగప్ప హారన్ మీద చెయ్యి వేశాడు.

"దాటిపోదామా?"

"వద్దన్నా. హారన్ గూడ కొట్టొద్దు. దాని ఎనకే పోనీ."

శ్రీరంగప్ప అద్దంలో ఆయన మొహం చూసి చెయ్యి తీసేశాడు. బస్సు ఆటో అంత మెల్లగా పోతోంది. స్టేజీలో ఆగి ఇద్దరు ముగ్గురు ఎక్కేసరికి ఆటో మలుపు తిరిగి కనుమరుగయ్యేది. మళ్ళీ కనపడేదాకా జయచంద్ర ఎవరికీ టికెట్టు కొట్టలేకపోయేవాడు. "ఏమప్పా కండక్టరూ, ఇదేం బస్సు, ఆటో ఎనక పోతాండాది?" అని వెనక సీట్లోంచి ఎవరో అరిచారు. జయచంద్ర ఫుట్‌బోర్డు మీద నిలబడి, ఆటో అంచున గాలికి ఎగురుతున్న ఆ పచ్చ కొంగు మీంచి కళ్ళు తియ్యకుండా, కదిరి దాకా అలాగే వచ్చాడు.